సోషల్ టీచరు ఇంటర్నెట్‌లో వెతకాల్సింది పాఠాలు కాదు

సోషల్ పాఠం కోసం ఇంటర్నెట్‌లో వెతికితే దొరకనిదంటూ లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ‘ఫ్రెంచి విప్లవం’ అని టైప్ చేయగానే పీపీటీలు, వర్క్‌షీట్లు, పది నిమిషాల వీడియోలు, బిట్లు, మైండ్ మ్యాపులు గుట్టలుగా వచ్చి పడతాయి. వాటిలో కొన్ని తెరిచి చూడండి. చాలావరకు పాఠ్యపుస్తకంలోని పేరాలే, రంగులు మార్చుకుని వచ్చి ఉంటాయి. కారణాలు నాలుగు, ఫలితాలు ఐదు, చివర్లో ఖాళీలను పూరించుము. పుస్తకం ఎలాగూ పిల్లల చేతుల్లో ఉంది. అదే సరుకును తెర మీద మళ్ళీ చూపించడానికి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని వెతకాలా?

చాలా ఏళ్ళుగా హైస్కూలు తరగతులకి సోషల్ చెబుతున్నాను. ఆ అనుభవంతో ఒక మాట గట్టిగా అంటాను. ఇంటర్నెట్‌లో తయారు పాఠాల కోసం వెతకడం మనం మానెయ్యాలి. వెతకాల్సింది పుస్తకంలో పట్టని వాటి కోసం: అసలు పత్రాలు, పాత ఫోటోలు, మ్యాపులు, ఓటింగు రికార్డులు, ఉపగ్రహ చిత్రాలు, గణాంకాలు. పాఠం మనమే అల్లుకోగలం, ఆధారాన్ని మాత్రం పుట్టించలేం. ఒకప్పుడు ఇవి చూడాలంటే ఏదో ఒక ఆర్కైవుకి వెళ్ళి, అనుమతి పత్రం రాసి, రోజంతా కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు పెద్ద పెద్ద గ్రంథాలయాలు, ఆర్కైవులు తలుపులు బార్లా తెరిచి ఉచితంగా ఇస్తుంటే మనం వాటి పక్కనుంచి నడిచి వెళ్ళి ఎవరో చేసిన పీపీటీ దించుకుంటున్నాం.

ఆధారాలే ఎందుకు అంటే, 1991లో అమెరికా విద్యా పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం గురించి చెప్పాలి. ఎనిమిది మంది చరిత్రకారుల్ని, ఎనిమిది మంది హైస్కూలు విద్యార్థుల్ని తీసుకున్నాడు. 1775లో లెక్సింగ్టన్ దగ్గర అమెరికా వలసవాసులకీ బ్రిటిష్ సైనికులకీ మధ్య జరిగిన కాల్పుల గురించిన పత్రాలు వాళ్ళ చేతికిచ్చి, చదువుతూ మనసులో ఏది తోస్తే అది పైకి చెప్పమన్నాడు. పిల్లలు చదువులో వెనకబడినవాళ్ళేం కాదు. చరిత్రకారుల్లో కొందరికి అమెరికా చరిత్ర ప్రత్యేక విషయం కూడా కాదు. అయినా వాళ్ళు కాగితం అందుకోగానే ముందు చూసింది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని. పిల్లలు మాత్రం మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదువుకుంటూ పోయి, అందులో ఏముందో చెప్పి ఊరుకున్నారు. పాఠ్యపుస్తకం చదివినట్టే అన్నీ చదివారన్నమాట. తప్పు వాళ్ళది కాదు. పుస్తకం తప్ప వేరే ఏదీ చేతికివ్వని చదువులో ఇంకెలా చదవడం వస్తుంది?

ఆ వైన్‌బర్గే 2002లో స్టాన్‌ఫర్డ్‌లో చరిత్ర బోధన మీద ఒక బృందాన్ని మొదలుపెట్టాడు. ఇప్పుడది యూనివర్సిటీ నుంచి విడిగా, డిజిటల్ ఎంక్వైరీ గ్రూప్ అనే పేరుతో నడుస్తోంది. చరిత్రకారుడిలా చదవడం అనే పేరుతో వాళ్ళు పెట్టిన పాఠాలు ఉచితం. తయారు పాఠాలు వద్దని ఇప్పుడే చెప్పి మళ్ళీ పాఠాలు చూపిస్తున్నారేంటి అంటారా? చాలావరకు అమెరికా చరిత్రకి, కొంత ప్రపంచ చరిత్రకి సంబంధించిన ఆ పాఠాల్ని ఉన్నవి ఉన్నట్టు వాడమని నేను చెప్పను. వాటి అచ్చు చూడండి: ఒక ప్రశ్న, దానికి పొసగని జవాబులిచ్చే రెండు మూడు పత్రాలు, ప్రతి పత్రం కింద అది ఎవరిదో ఎప్పటిదో. ఈ అచ్చులో ఏ దేశం చరిత్రనైనా పోయవచ్చు.

నాకు బాగా పనికొచ్చిన ఉదాహరణ బ్రిటిష్ పాలన నాటి అధికారి మెకాలేది. 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో మెకాలే ఇలా ప్రసంగించాడంటూ ఒక బొమ్మ సోషల్ మీడియాలో ఏళ్ళ తరబడి తిరుగుతోంది. భారతదేశమంతా తిరిగాననీ, ఒక్క బిచ్చగాడు, ఒక్క దొంగ కనపడలేదనీ, ఈ జాతి వెన్నెముక విరవాలంటే దీని చదువును మార్చాలనీ అందులో ఉంటుంది. స్కూలు ప్రసంగాల్లో విన్నాను, టీచర్ల గ్రూపుల్లో చూశాను, ‘విద్యా వనరులు’ అని పేరు పెట్టుకున్న సైట్లలో కూడా ఉంది. దాన్ని పటాపంచలు చేయడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, తేదీ చాలు. మెకాలే 1834లో భారతదేశం వచ్చాడు, 1838 దాకా ఇక్కడే ఉన్నాడు. ఆ ఫిబ్రవరి 2న ఆయన ఉన్నది కలకత్తాలో. లండన్ పార్లమెంటులో ఎలా మాట్లాడతాడు?

అసలు మజా ఆ తర్వాత ఉంది. సరిగ్గా అదే తేదీన ఆయన నిజంగానే ఒకటి రాశాడు, విద్య మీద మినిట్, అంటే ప్రభుత్వానికి రాసిన అధికారిక నోట్. కొలంబియా యూనివర్సిటీ సైటులో పూర్తి పాఠం ఉంది. ఒక మంచి ఐరోపా గ్రంథాలయంలోని ఒక్క పుస్తకాల అర భారతదేశ, అరేబియా సాహిత్యమంతటికీ సమానమని అన్నది అందులోనే. రక్తంలో, రంగులో భారతీయులుగా, అభిరుచిలో ఇంగ్లీషువాళ్ళుగా ఉండే వర్గాన్ని తయారు చేయాలన్నదీ అందులోనే. తనకు సంస్కృతం గాని అరబిక్ గాని రావని ఒప్పుకున్నదీ అందులోనే! దొంగ ప్రసంగంలో మెకాలే మనల్ని పొగుడుతాడు, నిజం పత్రంలో చిన్నచూపు చూస్తాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, పొగిడే అబద్ధాన్ని జనం ఎందుకు ఎక్కువగా పంచుకుంటారు, భాషలు రాని మనిషి వాటి సాహిత్యానికి విలువ ఎలా కట్టాడు అని అడిగితే, మామూలుగా వెనక బెంచీలో కిటికీ చూస్తూ కూర్చునేవాళ్ళు కూడా చెయ్యెత్తుతారు. ఆ రెండు ప్రశ్నలూ ఏ సైటులోనూ దొరకలేదు. పత్రం దొరికాక పుట్టాయి.

పౌరశాస్త్రానికి ఇంతకంటే మంచి గని ఓటింగు రికార్డులు. మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన సంగతే తీసుకోండి. 1948 డిసెంబర్ 10, పారిస్, 30 అధికరణాలు అని పుస్తకంలో ఉంటుంది, పిల్లలు బట్టీ కొడతారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం సైటులో ఆ ప్రకటన 500కు పైగా భాషల్లో ఉంది, తెలుగులో కూడా. అది ముద్రించి ఇవ్వడం మొదటి మెట్టు. రెండో మెట్టు ఓట్లు: అనుకూలం 48, వ్యతిరేకం సున్నా, తటస్థం 8. అందరికీ హక్కులుండాలన్న కాగితానికి ఓటెయ్యకుండా కూర్చున్న ఆ ఎనిమిది ఎవరు? సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, బెలారస్, పోలండ్, చెకొస్లొవేకియా, యుగోస్లావియా, సౌదీ అరేబియా, దక్షిణాఫ్రికా. జాబితా ఇచ్చి కారణాలు ఊహించమంటాను. దక్షిణాఫ్రికా సంగతి వెంటనే పట్టేస్తారు, వర్ణవివక్ష ప్రభుత్వం అక్కడ అధికారంలోకి వచ్చింది అదే 1948లో. సౌదీ అభ్యంతరం మతం మారే హక్కు మీదా, పెళ్ళిలో సమానత్వం మీదా అని 16, 18 అధికరణాలు చదివితే అందుతుంది. సోవియట్ కూటమి దగ్గర మాత్రం తడబడతారు. దేశాల సార్వభౌమత్వాన్ని పట్టించుకోలేదన్న వాళ్ళ వాదన విన్నాక, అది నిజాయితీ గల అభ్యంతరమా, సాకా అని తగువు మొదలవుతుంది. ఆ తగువే నాకు కావాల్సింది. ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీలో ఆనాటి సమావేశాల రికార్డులు ఉన్నాయి కాబట్టి ఎవరు ఏమన్నారో తవ్వుకోవడానికి తోవ కూడా ఉంది.

అదే ప్రకటనలో ఇంకో ముచ్చట. మొదటి అధికరణం ముసాయిదాలో ‘పురుషులందరూ’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉండేది. దాన్ని ‘మానవులందరూ’ అని మార్పించడానికి పట్టుబట్టింది భారత ప్రతినిధి హంసా మెహతా. చట్టంలో ఒక్క మాటకు ఎంత బరువుంటుందో ఉపన్యాసంగా చెప్పేకంటే ఈ రెండు వాక్యాలు బోర్డు మీద రాస్తే చాలు.

రాజ్యాంగ సభ చర్చలు కూడా ఇలాగే మొత్తం ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ప్రవేశికను ‘దేవుని పేరిట’ అని మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ 1949 అక్టోబర్ 17న సవరణ తెచ్చాడు. ఓటింగు పెడితే 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. ప్రవేశిక పిల్లలకి కంఠతా వచ్చు. అందులో ఏ మాట ఉండాలన్న దాని మీద ఓట్లు లెక్కపెట్టుకున్నారన్న సంగతి మాత్రం ఈ పత్రాలు చూపించేదాకా వాళ్ళకి తట్టదు.

ఫోటోల దగ్గరికి వద్దాం. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ టీచర్ల కోసం పెట్టిన భాగంలో ఒక సాదా కాగితం ఉంది. మూడు గడులు: ఏం చూస్తున్నావు, దాన్నిబట్టి ఏమనుకుంటున్నావు, ఇంకా ఏం తెలుసుకోవాలి. అంతే. నేను చూసిన బోధన సామగ్రిలో ఇంతకంటే తక్కువ సిరాతో ఎక్కువ పని చేసేది లేదు. దాన్ని 1930ల ఆర్థిక మహా మాంద్యం నాటి ‘వలస తల్లి’ ఫోటోతో వాడి చూడండి. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో డొరొథియా లాంజ్ ప్రభుత్వ సంస్థ కోసం తీసినది. పుస్తకాల్లో అచ్చయ్యేది ఒక్క ఫోటోనే. లైబ్రరీ సైటులో అదే చోట తీసిన మిగతావీ ఉన్నాయి. దూరం నుంచి గుడారం, దగ్గరికి వచ్చేకొద్దీ తల్లి, చివరికి మొహాలు తిప్పుకున్న పిల్లల మధ్య ఆమె ముఖం. ప్రసిద్ధమైన ఆ ఫోటోలో గుడారపు కర్రను పట్టుకున్న బొటనవేలు ఒకటి కింది మూల ఉండేది, తర్వాత దాన్ని చెరిపేశారు. చెరపక ముందుదీ, చెరిపాకదీ రెండూ చూడవచ్చు. ఫోటో అబద్ధమా? కాదు. మరి నిజమంతా చెప్పిందా? ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. నలభై ఏళ్ళకి పైగా ఆమె ముఖం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలీదు. ఆర్థిక మాంద్యానికి కారణాలు ఆరు అని చెప్పే పీరియడ్‌కీ ఈ పీరియడ్‌కీ పోలికే లేదు.

భూగోళానికి నాకు అన్నిటికంటే నచ్చినవి ఉపగ్రహ చిత్రాలు. నాసా ఎర్త్ అబ్జర్వేటరీ సైటులో మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రం చిత్రాల వరస ఉంది, 2000 నుంచి ఏడాదికొకటి. పేర్లు చెప్పకుండా వరసగా చూపించి ఏం జరుగుతోందో చెప్పమంటే పిల్లలు కరువు అంటారు, ఎండలు అంటారు, భూమి వేడెక్కడం అంటారు. అప్పుడు 1960ల నుంచి అమూ దర్యా, సిర్ దర్యా నదుల నీళ్ళు పత్తి పొలాలకి మళ్ళించిన కథ చెప్పాలి. ప్రకృతి వైపరీత్యం అనుకున్నది ప్రణాళిక అని తెలిసేసరికి వాళ్ళ మొహాలు చూడాలి. మ్యాపుల గురించి ఎక్కువ చెప్పను. డేవిడ్ రమ్సీ సేకరణలో లక్షకు పైగా పాత మ్యాపులున్నాయి. ‘ట్రూ సైజ్’ అనే సైటులో ఒక దేశాన్ని పట్టుకుని జరిపితే నిజమైన పరిమాణం కనిపిస్తుంది. ఆఫ్రికాలో పద్నాలుగో వంతు ఉండే గ్రీన్లాండ్ గోడ మీది మ్యాపులో ఆఫ్రికా అంత ఎందుకుందో, 1569లో మెర్కేటర్ ఆ మ్యాపు గీసింది నావికుల దిక్కుల కోసమని తెలిస్తే అర్థమవుతుంది.

గణాంకాల విషయంలో నాకు కొంచెం జంకు ఉంది. అవర్ వరల్డ్ ఇన్ డేటా, గ్యాప్‌మైండర్, ప్రపంచ బ్యాంకు డేటా మూడూ మంచివే. మొదటిదానిలో ప్రతి గ్రాఫు కిందా అంకెలు ఎక్కడివో ఉంటుంది, అది చదివించకపోతే గ్రాఫు చూపించడం దండగ. గ్యాప్‌మైండర్‌లో దేశాలు గ్రాఫు మీద బుడగలుగా కదులుతుంటే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. కానీ ఒక దేశం ఒక బుడగ అనగానే ఆ దేశంలోని ఉన్నవాడూ లేనివాడూ ఒకే చుక్కలో కలిసిపోతారు. అందుకే అదే సంస్థ వాళ్ళు తయారు చేసిన ‘డాలర్ స్ట్రీట్’ను పక్కన పెట్టి చూపించాలంటాను. వేర్వేరు దేశాల ఇళ్ళ ఫోటోలు, నెలసరి ఆదాయం వరసలో. పొయ్యి, మంచం, పళ్ళు తోముకునే బ్రష్షు, మరుగుదొడ్డి. ఒకే ఆదాయమున్న రెండు ఖండాల ఇళ్ళు పోల్చితే, దేశాల మధ్య తేడా అనుకున్నది చాలాచోట్ల డబ్బు తేడా అని కనిపిస్తుంది. సగటు అనే మాటను పిల్లలు అనుమానించడం మొదలుపెట్టేది ఇక్కడే.

వీడియోలు? అలసిపోయిన రోజున అందరం వేస్తాం. అంతకు మించి చెప్పడానికేం లేదు.

వికీపీడియాను తిట్టడం టీచర్లకి అలవాటు. నాకు మాత్రం అది బంగారు గని, కాకపోతే వ్యాసం కోసం కాదు. ప్రతి పేజీకీ చరిత్ర అని, చర్చ అని రెండు ట్యాబులుంటాయి. ఒక యుద్ధం పేజీలో ఏ వాక్యం ఎన్నిసార్లు మారిందో, ఏ మాట మీద ఎవరు కొట్టుకున్నారో అక్కడ కనిపిస్తుంది. ‘తిరుగుబాటు’ అనాలా, ‘స్వాతంత్ర్య సమరం’ అనాలా అని ఇద్దరు వాదించుకోవడం చూస్తే, చరిత్ర రాయడం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఏ సైటును నమ్మాలి అన్న ప్రశ్న. సైటు చివర ఏ అక్షరాలున్నాయి, డిజైన్ బాగుందా, ‘మా గురించి’ పేజీ ఉందా అని చెక్‌లిస్టు ఇచ్చే పద్ధతి పాతబడిపోయింది. వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో బయటపెట్టిన పరిశోధనలో చరిత్రకారులు పది మంది, నిజనిర్ధారణ చేసేవాళ్ళు పది మంది, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 25 మంది. కొత్త సైటు చూపిస్తే నిజనిర్ధారణ చేసేవాళ్ళు అందులో దాదాపు ఏమీ చదవకుండానే బయటికొచ్చి, వేరే ట్యాబుల్లో ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. చరిత్రకారుల్లో, విద్యార్థుల్లో చాలామంది ఆ పేజీలోనే కూర్చుని, హుందాగా కనిపించే లోగోలకీ ఆధారాల జాబితాలకీ పడిపోయారు. పాత పత్రాలను అంత నిశితంగా చదివే చరిత్రకారులే తడబడ్డారంటే మన సంగతి వేరే చెప్పాలా? కాబట్టి ఏ ఉచిత పాఠం తెరిచినా ముందు పక్క ట్యాబు తెరవాలి. ఉచితంగా ఇస్తున్నారంటే ఎవరో ఎక్కడో డబ్బు పెట్టారు. ఇంధన కంపెనీలకి వాతావరణం మీద పాఠాలు చేయించే ఆసక్తి ఉంటుంది, బ్యాంకులకి పొదుపు మీద ఉంటుంది, రాయబార కార్యాలయాలకి తమ దేశ చరిత్ర మీద ఉంటుంది. అలాంటివి పారెయ్యక్కర్లేదు. ఎవరు చేశారో పిల్లలకి చెప్పి, ఇందులో ఏం వదిలేశారో వెతకమంటే అదే మంచి పాఠం అవుతుంది.

ఇంతవరకు చదివిన టీచర్లు రెండు విషయాలు అడుగుతారు. మొదటిది భాష. వీటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నాయి, అదీ పాత ఇంగ్లీషు. నిజమే. నా పద్ధతి మొరటుది. పత్రంలో నుంచి ఏడెనిమిది వాక్యాలు మాత్రం తీసుకుంటాను, తేలిక తెలుగులోకి మారుస్తాను, అసలు వాక్యాలు వెనక పేజీలో వేస్తాను. పత్రాన్ని ఇలా కత్తిరించడం అపచారం అనేవాళ్ళున్నారు. పిల్లలు చదవలేని పత్రం చేతికిస్తే వాళ్ళు నేర్చుకునేది చరిత్ర తమకు అందదని మాత్రమే. కత్తిరించామని పైన రాస్తే చాలు. అనువాదానికి ఏఐ సాయం తీసుకోవచ్చు, నేనూ తీసుకుంటాను. కానీ పత్రాన్నే దాన్ని అడగకూడదు. ఫలానా నాయకుడు ఫలానా విషయం మీద ఏమన్నాడు అని అడిగితే తేదీతో సహా లేని ప్రసంగాన్ని చక్కగా అల్లి ఇవ్వగలదు. మెకాలే బొమ్మ తయారు చేయడానికి ఒకప్పుడు ఎవరో ఒకరు కష్టపడాల్సి వచ్చింది, ఇప్పుడా కష్టం కూడా లేదు.

(దించుకునేటప్పుడు లైసెన్సు చూసుకోండి, నాసా చిత్రాలు, డాలర్ స్ట్రీట్ ఫోటోలు తరగతిలో వాడుకోవడానికి ఇబ్బంది లేదు. లింకును నమ్ముకోకుండా ఫైలు దాచుకోండి. పేజీ మాయమైతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత కాపీ దొరికే అవకాశం ఉంది.)

రెండోది సిలబస్ టెన్షన్. ఇన్ని చేస్తే పాఠాలెప్పుడు పూర్తవుతాయి అని. ప్రతి పాఠానికీ చేయమని నేననడం లేదు, నేనూ చేయను. చాలా పాఠాలు పుస్తకం తెరిచి, బోర్డు మీద గీసి, ప్రశ్నలడిగి ముగించేవే. యూనిట్‌కి ఒక్క పీరియడ్, ఒక్క పత్రం, ఒక్క ప్రశ్న. తయారు పీపీటీల్లో మంచిది ఏదా అని ఏరుకునే సమయం దీనికి వాడితే సరిపోతుంది. పైగా ఒకసారి తయారు చేసుకున్నది మళ్ళీ ఏడాదికి పనికొస్తుంది, తోటి టీచరుకీ ఇవ్వవచ్చు.

పరీక్షలో ఇవి రావు కదా అని నా సహోద్యోగి ఒకాయన ఎప్పుడూ అంటుంటాడు. ప్రశ్నలుగా రావు, ఒప్పుకుంటాను. మానవ హక్కుల ప్రకటన ప్రాముఖ్యత రాయుము అన్న ప్రశ్నకి ఆ ఎనిమిది దేశాల పాఠం విన్న పిల్లలు పేజీన్నర రాస్తారు, అదీ బట్టీ పట్టకుండా. అందులో సౌదీ అరేబియా ఎందుకుందో, హంసా మెహతా ఎవరో పేపరు దిద్దేవాళ్ళకి తెలియకపోతే మార్కులు పోతాయేమోనని ఆయన భయం. ఆ భయం నాకూ కొంచెం ఉంది. అందుకని నా పిల్లలకి ఒకటే చెబుతాను: పుస్తకంలో ఉన్న పాయింట్లు ముందు రాసెయ్యండి, ఇవి తర్వాతి పేరాలో రాయండి.